మళ్లీ వచ్చిందా, ఎండ దెబ్బా? ఎంఎస్ రిలాప్స్ మీద అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ దాటిందంటే మధ్యాహ్నం రెండుకీ నాలుగుకీ మధ్య నా ఫోను ఊరుకోదు. "సార్, మళ్లా వచ్చినట్టుంది. కాళ్లు ఆనడం లేదు." చేసేది ఎంఎస్, అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లు. నేను నెల్లూరులో ఫిజియోథెరపిస్టును. మందు రాసేది నేను కాదు, న్యూరాలజిస్టు. నా దగ్గరికొచ్చే ఎంఎస్ వాళ్లలో ఎక్కువమందికి ఆయన చెన్నైలోనో వేలూరులోనో ఉంటాడు, నెలల తరబడి కనపడడు. వారానికి రెండుసార్లు కాళ్లు పట్టుకుని వంచేదీ చాపేదీ నేను కాబట్టి మొదటి ఫోను నాకే.

మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో నరాల పైనున్న మైలిన్ పొరను పాడుచేయడమే ఎంఎస్. ఆ పని కొత్తగా ఇంకోచోట మొదలైతే, లేదా పాతచోటే మళ్లీ రాజుకుంటే అది రిలాప్స్. మావాళ్లు "అటాక్" అంటారు. మైలిన్ పాడైనచోట మిగిలిన పాత మచ్చ వల్ల పాత లక్షణమే తాత్కాలికంగా పైకి తేలితే అది రిలాప్స్ కాదు. ఫోనులో వినేటప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. తంటా అంతా అక్కడే.

అపోహ: ఉన్నట్టుండి లక్షణాలు పెరిగాయంటే రిలాప్స్ వచ్చినట్టే.

ఈ అపోహ ఒకప్పుడు నాకే ఉండేది. పన్నెండేళ్ల కిందటి మాట. కోవూరు వైపు నుంచి ఒకామె వచ్చేది, కుట్టుపని చేసుకునే మనిషి. రోహిణి కార్తె. మా క్లినిక్ అప్పట్లో రేకుల కప్పు కింద ఉండేది, ఆ రోజు కరెంటు కూడా లేదు. నడుము పట్టేసిందంటే వేడి కాపడం పెట్టాను. అది చాలదన్నట్టు మెట్లు ఎక్కించి దించాను. పది నిమిషాల్లో కుడికాలు ఈడ్చడం మొదలుపెట్టింది. రెండేళ్ల కిందట దెబ్బతిని కోలుకున్న ఎడమ కన్ను మసకబారింది. నాకు ముచ్చెమటలు పట్టాయి. రిలాప్సే అని తేల్చేసి ఆ సాయంత్రం రైలుకే చెన్నై పొమ్మన్నాను. వాళ్లాయన డబ్బు అప్పు తెచ్చి, ఏసీ బోగీలో ఎక్కించి తీసుకుపోయాడు. సూళ్లూరుపేట దాటాక ఫోను చేశాడు. "సార్, ఇప్పుడే తనే నడిచి బాత్రూముకు పోయొచ్చింది. కన్ను కూడా కనపడతా ఉందంట. దిగిపోమంటారా, చెన్నై దాకా పొమ్మంటారా?"

ఆ ఏసీ బోగీ నాకు నేర్పింది చాలా ఉంది.

వేడికి పాత లక్షణం పైకి తేలి, చల్లబడగానే పోవడానికి ఊటాఫ్ ప్రభావం అని పేరు. ఒళ్లు వేడెక్కే పని చేశాక చూపు మందగించడాన్ని 1890లో గమనించి రాసిన జర్మన్ కంటి వైద్యుడి పేరది. మైలిన్ పోయిన నరంలో సంకేతం ఎలాగోలా నెట్టుకొస్తూ ఉంటుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా చాలు, అది మధ్యలో ఆగిపోవచ్చు. వేసవిలో లో వోల్టేజీకి బోరు మోటారు మూలుగుతుంది చూడండి, వైండింగు కాలిపోయినందుకు కాదు. వోల్టేజీ సరిపోతే మళ్లీ నీళ్లు పోస్తుంది. ఎంఆర్ఐలు లేని రోజుల్లో డాక్టర్లు అనుమానం ఉన్నవాళ్లను వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి లక్షణాలు బయటపడతాయేమో చూసి ఎంఎస్‌ను పోల్చుకునేవాళ్లు. నేను తెలియక చేసింది ఆ పరీక్షే.

అందుకే ఇప్పుడు ఫోను రాగానే నా మొదటి ప్రశ్న "ఎక్కడున్నారు?" చల్లటి గదిలోకి పోండి, మెడ మీద తడి తువ్వాలు వేసుకోండి, చల్లటి మజ్జిగ తాగండి, గంటా రెండు గంటలాగి మళ్లీ చెయ్యండి అంటాను. ఎండ పని అయితే అప్పటికి తగ్గుముఖం పడుతుంది. ప్రపంచ ఎంఎస్ దినం మే 30న వస్తుంది, సరిగ్గా రోహిణి కార్తెలో. ఆ తేదీ పెట్టినవాళ్లెవరికీ నెల్లూరు ఎండ తెలిసుండదు.

అపోహ: పొద్దున వచ్చి సాయంత్రానికి పోతే చిన్న అటాక్, రెండు మూడు రోజులుంటే పెద్ద అటాక్.

సాయంత్రానికి పోయింది అసలు అటాకే కాదు. డాక్టర్లు రిలాప్స్ అనాలంటే కొత్త లక్షణమో, బాగా ముదిరిన పాత లక్షణమో కనీసం 24 గంటలు ఆగకుండా ఉండాలి. అప్పుడు జ్వరం, ఇన్ఫెక్షన్ ఉండకూడదు. అంతకుముందు రిలాప్స్ మొదలై కనీసం 30 రోజులు గడిచుండాలి. ఈ నెల్లోనే ఒకటి వచ్చి, అది తగ్గకముందే ఇంకోటి తోడైతే సాధారణంగా రెండూ ఒకే రిలాప్స్ కింద లెక్క.

24 గంటలంటే గడియారం చూస్తూ కూర్చోమని కాదు. మొదలైన టైము గోడ కేలండర్ మీద రాసిపెట్టండి, అంతే. "మొన్నెప్పుడో, మా చిన్నాయన కూతురి పెళ్లప్పుడు" అంటే డాక్టరు దేన్ని లెక్కపెట్టుకోవాలి?

దీనికో మినహాయింపు ఉంది. కొందరికి చెయ్యో కాలో అర నిమిషం పాటు బిగదీసుకుపోయి వదిలేస్తుంది, కొందరికి ముఖం మీద కరెంటు తీగ తగిలినట్టు మెరుపు నొప్పి. ఒక్కోసారి ఉండేది క్షణాలే. కానీ అదే రోజంతా పదే పదే వస్తూ, మర్నాడూ ఆగకపోతే అదీ రిలాప్సే కావచ్చు, చెప్పాలి. మెడ వంచితే వీపులో కరెంటు పారడం వేరే సంగతి. పాత మచ్చ వల్ల అది ఏళ్ల తరబడి ఉంటుంది. కొత్తగా మొదలైతేనే లెక్కలోకి తీసుకోండి.

అపోహ: జ్వరం లేదు, మంటా లేదు, ఇంక ఇన్ఫెక్షన్ ఎక్కడిది?

నా దగ్గరికొచ్చే దొంగ రిలాప్సుల్లో ఎండ తర్వాతి స్థానం మూత్రం ఇన్ఫెక్షన్‌ది. ఎంఎస్‌లో మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు, మిగిలిపోయిన మూత్రంలో క్రిములు పెరుగుతాయి. ఆ భాగంలో స్పర్శే మొద్దుబారి ఉంటే మంట తెలియదు. జ్వరం కూడా ఉండకపోవచ్చు. బయటికి కనిపించేది ఒక్కటే: నిన్న కర్ర లేకుండా నడిచిన మనిషి ఇవాళ గోడ పట్టుకుంటుంది.

మన దగ్గర దీనికి ఇంకో కారణం తోడవుతుంది. ఉదయగిరి వైపు నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చే ఒక టీచరమ్మ పొద్దున లేచినప్పటి నుంచి చుక్క నీళ్లు తాగదు. "దారిలో ఆపమంటే ఆపుతారా సార్? ఆపినా యాడికి పోను?" ఎంఎస్ వల్ల అర్జెంటుగా వస్తుంది, ఆపుకోలేదు, అందుకని తాగడమే మానేసింది. ఆమెకు మూడుసార్లు రిలాప్స్ అనుకున్నది మూడుసార్లూ మూత్ర పరీక్షలోనే దొరికిపోయింది. ఆమెకు నేను బుద్ధి చెప్పలేదు. ఏమని చెప్పాలి, ఆమె అన్నదాంట్లో తప్పేముంది? బస్సు దిగి క్లినిక్‌కి రాగానే తాగడానికి రెండు గ్లాసుల నీళ్లు పెట్టడం మాత్రం అలవాటు చేశాను.

మూత్ర పరీక్ష, కల్చర్ (ఏ క్రిమో తేల్చే పరీక్ష) చేయించకుండా రిలాప్సుకు ఇచ్చే స్టెరాయిడ్ దాకా పోవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. లోపల ఇన్ఫెక్షన్ ఉండగా స్టెరాయిడ్ ఎక్కిస్తే అది ఇంకా ముదరగలదు. జలుబు, పంటి చీము, పుండు కూడా ఇదే నాటకం ఆడిస్తాయి. నిద్రలేని నాలుగు రాత్రులు కూడా.

అపోహ: రిలాప్స్ అంటే పక్షవాతంలా ఒక్కసారిగా పడిపోవడం.

అసలు రిలాప్స్ నెమ్మదస్తురాలు. గంటల్లో మొదలై, రోజుల్లో పెరిగి, వారం రెండు వారాల్లో పతాకస్థాయికి చేరి, తర్వాత వారాలూ నెలలూ పట్టి దిగుతుంది. మొదటి రోజు అది ఎంత చిన్నగా ఉంటుందంటే చాలామంది "నరాల బలహీనత" అనుకుని ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర బీ కాంప్లెక్స్ సూది వేయించుకుని పడుకుంటారు.

ఒంగోలులో ఒకామెకు స్నానాల గదిలో తెలిసింది. ఒకే చెంబు నీళ్లు కుడికాలి మీద గోరువెచ్చగా, ఎడమకాలి మీద ఏమీ కానట్టు. ఇంకొకరికి పొట్ట చుట్టూ ఎవరో పంచె బిగించి కట్టినట్టుంది. గ్యాస్ అనుకుని వారం రోజులు వాము నమిలాడు. కన్నయితే, కనుగుడ్డు తిప్పినప్పుడు నొప్పి, చూపు మసక, రంగులు వెలిసిపోవడం, ముఖ్యంగా ఎరుపు. ఇంట్లో చూసుకోవడానికి కుంకుమ భరిణె చాలు. ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండోది. ఒక కంటికి నిండు ఎరుపు, ఇంకో కంటికి ఇటుకపొడిలా కనిపిస్తే, అది కొత్తగా వచ్చిన తేడా అయితే, కళ్లజోళ్ల షాపుకు కాదు పోవాల్సింది. ఒకబ్బాయి సెల్ ఫోను ఎక్కువ చూశాననుకుని మూడు వారాలు కళ్లలో చుక్కలు వేసుకుంటూ గడిపేశాడు.

నిజంగానే క్షణాల్లో మూతి వంకరపోయి, మాట ముద్దయి, ఒకవైపు చెయ్యి పడిపోతే "ఎంఎస్ ఉంది కదా, అదే" అనుకోవద్దు. ఎంఎస్ ఉన్నవాళ్లకు స్ట్రోక్ రాకూడదని ఎక్కడా రాసిలేదు. 108కి ఫోను చెయ్యండి. గడ్డ కరిగించే సూదికి నాలుగున్నర గంటలే గడువు.

అపోహ: నీళ్లలో ఫ్లోరైడు వల్ల కాళ్లు ఇట్టా అయ్యాయి, లేకపోతే మెల్లమెల్లగా అటాక్ వస్తా ఉంది.

కనిగిరి వైపు నుంచి వచ్చేవాళ్లు తప్పకుండా అడుగుతారు. ఫ్లోరోసిస్ ముదిరితే ఎముకలు పెరిగి వెన్నుపామును నొక్కగలవు, ఆ భయం ఉత్తది కాదు. కానీ అదీ ఇదీ ఒకటి కాదు, దాన్ని డాక్టరు వేరుగా చూడాలి. ఆరు నెలలు, ఏడాదిగా నడక కొంచెం కొంచెంగా తగ్గుతుంటే అది రిలాప్స్ లెక్కలోకి రాదు. జబ్బు ముందుకు పాకడం కావచ్చు. దానికి వైద్యమూ వేరు.

అపోహ: కాన్పు జబ్బును ముదురుస్తుంది, గర్భం వద్దు.

పెళ్లి సంబంధాల దగ్గర ఈ మాట ఎంతమందిని ఏడిపించిందో. యూరప్‌లో 254 మంది గర్భిణులను గమనించి 1998లో ప్రకటించిన అధ్యయనంలో, గర్భానికి ముందు ఒక్కొక్కరికి ఏడాదికి సగటున 0.7 ఉన్న రిలాప్సులు గర్భం చివరి మూడు నెలల్లో 0.2కి పడిపోయాయి. కాన్పయిన మొదటి మూడు నెలల్లో 1.2కి పెరిగాయి, ఆ తర్వాత మళ్లీ పాత దారికి వచ్చాయి. అంటే కడుపుతో ఉన్న రోజులకంటే జాగ్రత్తగా కనిపెట్టుకోవాల్సింది పురిటి రోజుల్ని.

మన పురిటి గది ఎలా ఉంటుంది? తలుపులు కిటికీలు బిగించి, సాంబ్రాణి వేసి, సలసలా కాగిన నీళ్లు పోసి, ఫ్యాను తీసేసి. రాత్రి నిద్ర ఉండదు. దొంగ రిలాప్సుకు ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. అసలు రిలాప్సుకూ అదే కాలం. రెండూ కలిసి "బాలింత నీరసం" అనే ఒక్క మాట కింద దాక్కుంటాయి. ఆ మధ్య ఒక పెద్దమ్మ నాతో పోట్లాడింది. "మేమంతా వేడినీళ్లు పోసుకోలేదా నాయనా, మాకేమన్నా అయిందా?" నీళ్లు మానొద్దు పెద్దమ్మా, కాస్త చల్లార్చి పొయ్యి, ఫ్యాను వెయ్యి అని ఒప్పించేసరికి అరగంట పట్టింది. ఫ్యాను వేశాక రెండు రోజులు చూశాం. కాళ్ల బరువు తగ్గింది, చేతి తిమ్మిరి మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ చేతికే డాక్టరు దగ్గరికి పంపాను, అది నిజం రిలాప్సే.

అపోహ: ప్రతి అటాక్‌కూ సీసాలు ఎక్కించాలి, ఎంత ఆలస్యమైతే అంత నష్టం.

సీసాలంటే మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, రోజుకొక గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు. అది కోలుకోవడాన్ని తొందర చేస్తుంది. చివరికి ఎంత కోలుకుంటారన్నదాన్ని పెద్దగా మార్చదు. చూపు, నడక, చేతిపని దెబ్బతింటే ఎక్కిస్తారు. ఉత్త తిమ్మిరికి ఏమీ ఇవ్వకుండా చూద్దాం అని డాక్టరంటే అది నిర్లక్ష్యం కాదు. అదే పెద్ద మోతాదు మాత్రల రూపంలో వేసుకున్నా సీసాకు తీసిపోదని 2015లో ఫ్రాన్సులో చేసిన పరీక్షలో తేలింది.

పెద్ద మోతాదు అన్నాను, గమనించండి. పోయినసారి మిగిలిన చిన్న ప్రెడ్నిసొలోన్ బిళ్లలు డబ్బాలోంచి తీసి సొంతంగా వేసుకోవడం పూర్తిగా వేరు. కంటి నరం వాపు మీద అమెరికాలో చేసి 1992లో ప్రకటించిన పరీక్షలో మామూలు మోతాదు బిళ్లలు మాత్రమే వాడినవాళ్లకు మళ్లీ వాపు రావడం ఎక్కువైంది. షుగరున్నవాళ్లు స్టెరాయిడ్ రోజుల్లో షుగరు చూసుకోకపోతే ఇంకో ఆసుపత్రి పాలవుతారు.

ఇంతకంటే నన్ను భయపెట్టేది ఇంకొకటుంది. "బాగానే ఉన్నాను కదా" అని రిలాప్సులు రాకుండా ఇచ్చే అసలు మందు ఆపేయడం. ఫింగోలిమాడ్, నటాలిజుమాబ్ లాంటివి ఉన్నపళంగా ఆపితే కొందరికి మునుపెన్నడూ లేనంత తీవ్రంగా తిరగబెడుతుంది. డబ్బు ఇబ్బందైతే ఆపేముందే డాక్టరుకు చెప్పండి, ఆయనకు కోపం రాదు. ఎంఎస్ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ సంగతి కూడా అడగండి.

అపోహ: ఎంఆర్ఐ తీస్తేనే తెలుస్తుంది.

చాలావరకు మీరు చెప్పేదాన్ని బట్టీ, డాక్టరు సుత్తితో మోకాలి మీద కొట్టి చూసేదాన్ని బట్టీ తేలుతుంది. అవసరమనుకుంటే రంగు మందు ఎక్కించి తీస్తారు, కొత్త మచ్చ అందులో వెలుగుతుంది. ప్రతిసారీ అక్కర్లేదు.

బయల్దేరేటప్పుడు తీసుకుపోవాల్సినవి చెప్పేస్తాను. మొదలైన తేదీ, టైము రాసిన కాగితం. థర్మామీటర్‌లో చూసిన వేడి. మూత్రం రిపోర్టు. వాడే మందుల చీటీ. పాత ఎంఆర్ఐ ఫిల్ములు, సీడీ ఉంటే అదీ. ఫిల్ములు మడవొద్దు. దయచేసి రైల్లో సీటు మీద పరుచుకుని కూర్చోవద్దు, ఆ పని చేసినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు.