తెల్లవారుజాము కల

పొద్దున్న 5:40కి వాట్సాప్‌లో అమ్మ వాయిస్ మెసేజ్. "ఒరే నాన్నా, ఇవాళ కాస్త జాగ్రత్తరా. తెల్లవారుజామున కలొచ్చింది. నువ్వు నీళ్ళల్లో నిలబడి నన్ను పిలుస్తున్నావు. పక్కన మీ తాతయ్య, చేతిలో గొడుగు." అమ్మావాళ్ళు ఉండేది సరూర్‌నగర్‌లో, నేను మియాపూర్‌లో. ఇలాంటివి వారానికి రెండొస్తాయి కాబట్టి విని, ఒక దణ్ణం బొమ్మ పెట్టి, బండి తీశాను.

సాయంత్రం వాన. సెప్టెంబర్ వానంటే ఏమిటో హైదరాబాద్‌లో బండి నడిపేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక అండర్‌పాస్‌లో మోకాలి లోతు నీళ్ళలో బండి ఆగిపోయింది. తోసుకుంటూ, తిట్టుకుంటూ ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. ఫోన్ చేస్తే అమ్మ ఒకటే మాట: "చెప్పానా!"

నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి నాక్కూడా కాస్త ఒళ్ళు జలదరించింది.

వారం తిరిగాక పిన్నితో అమ్మ ఫోన్లో అంటుంటే విన్నాను: "అచ్చం అట్లాగే కనపడిందే! బండి నీళ్ళల్లో ఆగిపోయింది, వీడు తోస్తున్నాడు." మెసేజ్ ఇంకా నా ఫోన్లోనే ఉంది. మళ్ళీ పెట్టుకుని విన్నాను. అందులో బండి లేదు, తొయ్యడమూ లేదు. తాతయ్య ఉన్నాడు, గొడుగు ఉంది. పిన్నికి చెప్పిన కలలో ఆ రెండూ లేవు.

అమ్మ అబద్ధమాడిందని కాదు. జ్ఞాపకం చేసే పనే అది. ఫ్రెడెరిక్ బార్ట్‌లెట్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త 1932లో అచ్చేసిన ప్రయోగాల్లో, జనానికి ఒక వింత జానపద కథ చదవమని ఇచ్చి, కొన్నాళ్ళ తేడాతో మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. చెప్పినప్పుడల్లా అర్థంకాని ముక్కలు రాలిపోయాయి, వాళ్ళకి తెలిసిన లోకానికి తగ్గట్టు మిగతాది సర్దుకుంది. మామూలు కథకే ఇంత జరిగితే కల సంగతి చెప్పాలా? కలలొచ్చే వేళ మెదడులో నోరడ్రినలిన్ అనే రసాయనం దాదాపు అడుగంటిపోతుంది. ఆ వేళ చూసింది గట్టిగా నిలవకపోవడానికి అదొక కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. లేచేసరికి చేతిలో ఉండేవి నాలుగు తునకలు. వాటి మధ్య ఖాళీల్ని సాయంత్రం జరిగిన సంగతి వచ్చి పూడుస్తుంది.

అయితే తెల్లవారుజాము కల ఫలిస్తుందన్న మాటలో ఒక నిజం దాగుంది. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియేల్ క్లైట్‌మన్ నిద్రలో కనుగుడ్లు గబగబా కదిలే ఘట్టాన్ని గుర్తించారు. దాన్నే రెమ్ నిద్ర అంటున్నాం. కథలా సాగే కలలు ఎక్కువగా వచ్చేది అప్పుడే. సుమారు తొంభై నిమిషాలకోసారి, రాత్రికి నాలుగైదు సార్లు వస్తుంది. మొదటిసారి కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. తెల్లారేకొద్దీ సాగుతుంది, చివరిది అరగంట దాటొచ్చు. పైగా దాని మధ్యలోనే పాలవాడి బెల్లో, అలారమో లేపేస్తుంది. కాబట్టి మనకి గుర్తుండేవి చాలావరకు తెల్లవారుజాము కలలే. కలిసొచ్చేదేదైనా గుర్తున్నవాటిలోంచే కలిసిరావాలి కదా! మొదటి జాములో వచ్చిన కల నిజమైనా కనిపెట్టేవాడుండడు. ఆ జాము కల ఫలించడానికి ఏడాది పడుతుందని మా అమ్మమ్మ అనేది. ఏడాది గడువిస్తే ఏ కలైనా దేనికో ఒకదానికి సరిపోతుందనుకోండి, అది వేరే సంగతి.

ఇక లెక్క. ఒక మనిషికి ఒక రాత్రి వచ్చిన కల మర్నాడు జరిగేదానితో ఒళ్ళు జలదరించేంతగా కలిసే అవకాశం పదిలక్షల్లో ఒకటే అనుకుందాం. ఈ అంకె నేను లెక్క కోసం వేసుకున్నదే. హైదరాబాద్ జనాభా ఉజ్జాయింపుగా కోటి. అంటే ఈ ఊళ్ళోనే రోజుకు పదిమందికి, ఏడాదికి 3,650 మందికి కల నిజమవ్వాలి. ఆ పదిమంది ఊరంతా చెబుతారు. మిగతా తొంభై తొమ్మిది లక్షల పైచిలుకు జనం "నాకొచ్చిన కల జరగలేదు" అని ఎవరికీ ఫోన్ చెయ్యరు. కాకి వాలిన క్షణానే తాటిపండు రాలితే దాన్ని కాకతాళీయం అన్నారు మనవాళ్ళు. కాకి వాలినా పండు రాలని చెట్లకి పేరు పెట్టలేదు.

ఆ రాలని చెట్లని లెక్కపెట్టినవాళ్ళున్నారు. 1932 మార్చిలో అమెరికాలో విమాన వీరుడు చార్లెస్ లిండ్‌బర్గ్ పసిబిడ్డని ఎవరో ఎత్తుకుపోయారు. బిడ్డ ఏమయ్యాడో తెలియకముందే హార్వర్డ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త హెన్రీ మరే, ఆయన సహచరుడు వీలర్ పత్రికల ద్వారా జనాన్ని ఈ బిడ్డ గురించి తమకొచ్చిన కలలు రాసి పంపమన్నారు. 1,300కి పైగా వచ్చాయి. మే నెలలో బిడ్డ శవం చెట్ల మధ్య, లోతు లేని గుంతలో దొరికింది. బిడ్డ చనిపోయినట్టు వచ్చిన కలలు నూటికి అయిదు. చావు, గుంత, చెట్లు మూడూ ఉన్నవి నాలుగు. ఆ నలుగురి కలలే విడిగా మన చెవిన పడితే ఏమనుకునేవాళ్ళమో ఊహించుకోండి.

నేనూ రెండు నెలలు అమ్మ మెసేజ్‌లన్నీ ఒక నోట్‌బుక్‌లో రాశాను. ఇరవై మూడు వచ్చాయి, అందులో పదకొండు "జాగ్రత్త" రకం. కాస్తో కూస్తో కలిసింది ఒకటి: కలలో పాము, మర్నాడు ప్లంబర్ నల్ల పైపు చుట్ట తెచ్చాడు. అమ్మ దాన్నీ లెక్కలో వేసేసింది.

నీళ్ళ కలలు మాత్రం ఆరు. 2020 అక్టోబర్ 13 రాత్రి ఊరు మునిగినప్పుడు అమ్మావాళ్ళ వీధిలోకి నీళ్ళొచ్చాయి. బియ్యం డబ్బాలు మంచాల మీదకెత్తి తెల్లారేదాకా కూర్చున్నారు. ఆ పైన టీవీలో రాత్రి వార్తల్లో ఆరెంజ్ అలర్ట్. కలలోకి ముందురోజు తునకలు రావడం, అయిదారు రోజుల కిందటివి మళ్ళీ తేలడం పరిశోధకులు గమనించిన సంగతే. ప్రమాదాల్ని నిద్రలో రిహార్సల్ చేసుకోవడమే కలల పని అని ఫిన్లాండ్ శాస్త్రవేత్త ఆంటీ రెవోన్సువో 2000లో ఒక వాదం చేశాడు. అందరూ ఒప్పుకోలేదుగానీ, అమ్మ కలలకి బాగానే సరిపోతుంది. వానాకాలంలో కొడుకు బండి మీద తిరుగుతుంటే ఆ తల్లికి నీళ్ళ కల కాక ఇంకేం వస్తుంది?

డాక్టర్లు నిజంగా పట్టించుకునే కలలు ఒక రకం ఉన్నాయి. రెమ్ నిద్రలో మెదడు కండరాల్ని కట్టిపడేస్తుంది. అందుకే కలలో పరుగెత్తినా మంచం మీదే ఉంటాం. కొందరిలో, ముఖ్యంగా యాభై దాటిన మగవాళ్ళలో, ఈ కట్టు వదిలిపోతుంది. కలలో ఎవరితోనో కొట్లాడుతూ పక్కవాళ్ళని నిజంగానే గుద్దేస్తారు. 1986లో అమెరికాలోని మినెసోటాలో షెంక్, మహోవాల్డ్ అనే డాక్టర్లు దీన్ని జబ్బుగా గుర్తించారు. 2019లో వెలువడిన ఒక అధ్యయనం అలాంటివాళ్ళు 1,280 మందిని ఏళ్ళ తరబడి గమనించింది. ఏటా వందలో ఆరుగురికి పార్కిన్సన్స్ లాంటి నరాల జబ్బో, మతిమరుపు జబ్బో బయటపడింది. చేతులు వణకడానికి ఏళ్ళ ముందే నిద్ర కబురు పంపుతోందన్నమాట.

ఇది చెబుతుంటే అమ్మ మధ్యలో ఆపింది. "ఏరా, మొన్న మీ నాన్న నిద్రలో అరిచి గోడకేసి గుద్దారు, చెయ్యి కమిలింది. కల బాగాలేదేమోనని దిష్టి తీశాను."

శుక్రవారానికి న్యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.