రాజకీయ నవలల గురించి నేను ఏటా వినే అపోహలు

డిగ్రీ పిల్లలకు తెలుగు నవల చెప్పడం నా ఉద్యోగం. బ్యాచ్‌లు మారతాయి గానీ ఈ మాటలు మారవు.

అపోహ: రాజకీయ నవల అంటే ఎన్నికలు, మంత్రులు, కుర్చీలాట.

వాస్తవం: దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' తీసుకోండి. నిజాం కాలం నాటి తెలంగాణ పల్లె. నిజాం ఎక్కడో హైదరాబాదులో ఉంటాడు. ఊరి జనానికి సర్కారంటే దొర, కరణం. వెట్టికి పిలిచేదీ వాళ్లే, భూమి లెక్కలు రాసేదీ వాళ్లే. సంగతంతా పుస్తకం పేరులోనే ఉంది. ఇది చెప్పాక క్లాసులో ఒక ప్రశ్న వేస్తాను: "మీకు కులం సర్టిఫికెట్ కావాలంటే ముందు ఎవర్ని పట్టుకుంటారు?" ఒకటే నవ్వులు, తర్వాత ఒక్కొక్కరూ మొదలుపెడతారు. ఆ పూట పాఠం మళ్లీ పుస్తకంలోకి రాదు. రాకపోయినా నాకు బెంగ లేదు.

అపోహ: కట్టుకథను ఏ ప్రభుత్వం పట్టించుకుంటుంది?

వాస్తవం: ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన 'మాలపల్లి' 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక గానీ ఆ పీడ పూర్తిగా వదల్లేదు.

అపోహ: ఉద్యమంలో ఉన్నవాళ్లు రాస్తే అది ప్రచారమే.

వాస్తవం: కొన్నిసార్లు నిజమే. సగంలో వదిలేసిన అలాంటి పుస్తకాలు నా బీరువాలో ఒక అర నిండా ఉన్నాయి. కానీ మళ్లీ 'మాలపల్లి'నే చూడండి. ఉన్నవ గాంధీగారి బాటలో నడిచిన మనిషి. అయినా నవలలో మాలపల్లె యువకుడు సంగదాసు, భూస్వామి చౌదరయ్య చేతిలో చచ్చిపోయాక, అతని సోదరుడు వెంకటదాసు ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచుతుంటే, అతన్ని ఉత్త దొంగగా తీసిపారేయలేదు. అంత కోపం ఎక్కడి నుంచి వచ్చిందో చూపించాడు.

అపోహ: ఎవరి జోలికీ పోకుండా తన పని తాను చూసుకునేవాడే మంచి పౌరుడు.

వాస్తవం: ఇది పిల్లలకంటే వాళ్ల తల్లిదండ్రులు ఎక్కువగా అంటారు. వాళ్లకు రావిశాస్త్రి 'అల్పజీవి' ఇవ్వాలనిపిస్తుంది. గుమస్తా సుబ్బయ్య ఎవరి జోలికీ పోడు. పోయే ధైర్యం లేదు. ఆఫీసులో భయం, ఇంట్లో భయం, డబ్బు తీసుకున్న పాపానికి కాంట్రాక్టరు గవరయ్యంటే మరీ భయం. చదువుతుంటే మొదట జాలేస్తుంది, తర్వాత విసుగొస్తుంది. ఆ తర్వాత, ఏ ఆఫీసు క్యూలోనో మనం కూడా అలాగే నోరు మూసుకుని నిలబడ్డ రోజు గుర్తొస్తుంది. ఆ గుమస్తా నోరు మెదపకపోవడమే గవరయ్యకు పెద్ద అండ.

పరీక్షలో సుబ్బయ్య పాత్ర గురించి అడిగితే అందరూ 'పిరికివాడు' అని రాసేస్తారు. ఒకసారి ఒకమ్మాయి మాత్రం జవాబంతా గవరయ్య మీదే రాసింది. అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. పదికి ఎనిమిది వేశాను.