యొషినో కొండ మీద పూలు చూసే రోజు

చిరంజీవులకు దీవెనలు.

జపాన్‌లో సకురా పూలు, అంటే చెర్రీ పూలు, చూడాలంటే ఎక్కడికి వెళ్లాలని అడిగారు. టోక్యో, క్యోటోల్లో ఎక్కువగా కనిపించేది సొమెయ్ యొషినో రకం. అవన్నీ అంటు కట్టి పెంచిన ఒకే చెట్టు సంతానం. అందుకే ఊరంతా ఒకేసారి పూస్తాయి, ఒకేసారి రాలిపోతాయి. నిండుగా విచ్చాక వారం నిలిస్తే గొప్ప, గాలివాన పడితే అదీ లేదు. విమానం టికెట్లు నెలల ముందే కొనేవాళ్లకు ఇదే చిక్కు. అందుకే నారా ప్రాంతంలోని యొషినో కొండకు వెళ్లమంటాను.

అక్కడ సుమారు 30,000 చెట్లు. ఎక్కువ భాగం యమజకురా, అంటే కొండ సకురా. పువ్వుతో పాటే లేతాకు వస్తుంది, అచ్చం మన మామిడి చిగురు రంగు. కొండను కింది నుంచి షిమొ, నక, కమి, ఒకు అని నాలుగు సెంబోన్‌లుగా చెబుతారు. సెంబోన్ అంటే మాటవరసకు వెయ్యి చెట్లు. పైకి పోయేకొద్దీ చలి ఎక్కువ కాబట్టి పూత కూడా మెల్లగా కొండెక్కుతుంది. ఏప్రిల్ మొదట్లో కింద మొదలైతే, పైన విచ్చేసరికి నెల సగం దాటుతుంది. మీరు నాలుగు రోజులు అటూ ఇటూ అయినా ఎక్కడో ఒకచోట పూలు దొరుకుతాయి.

ఒసాకాలోని అబెనోబషి స్టేషన్ నుంచి కింటెత్సు కంపెనీ లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ రైల్లో గంటా పావు ప్రయాణం. మామూలు ఛార్జీ కాక సీటుకు వేరే టికెట్ ఉంటుంది. పూల రోజుల్లో అవి ముందే అయిపోతాయి. తొమ్మిదిలోపు కొండ దగ్గర ఉండండి. అందరూ చేసే పొరపాటు కింది నుంచి నడక మొదలుపెట్టడం. నక సెంబోన్ అంగళ్ల దగ్గరికి వచ్చేసరికి కాళ్లు పీకి, పైభాగం చూడకుండానే వెనక్కి తిరుగుతారు. మీరు బస్సుల్లో ఒకు సెంబోన్ దాకా ఎక్కి, నడిచి దిగండి. దిగేటప్పుడు కాలివేళ్లు బూటు ముందుకు గుద్దుకుంటాయి, లేసులు బిగించి కట్టండి. స్వెట్టర్ మరవొద్దు. పూలవేళ వచ్చే చలికి వాళ్లు ‘హనబియె’ అని పేరే పెట్టుకున్నారు.

దారిలో హనయగుర అనే ఎత్తైన చోటు దగ్గర తప్పకుండా ఆగండి. కింది పూలతోపులూ, వాటి నడుమ జావో-దో గుడి కప్పూ ఒక్క చూపులో కనిపిస్తాయి. మబ్బు పట్టిన రోజు పూలను ఆకాశం మీదికి ఫోటో తీస్తే తెలుపులో తెలుపు కలిసిపోతుంది. నల్లగా నిలబడ్డ సుగి (జపాన్ దేవదారు) చెట్లు వెనక వచ్చేలా నిలబడండి.

ఒక పువ్వును దగ్గరగా చూడండి. అయిదు రేకులు, ప్రతి రేకు కొసన చిన్న గాటు, పొడవాటి తొడిమ. ఆ గాటు లేకుండా రేకు గుండ్రంగా ఉండి, పువ్వు కొమ్మకే అతుక్కుని ఉంటే అది ఉమె, అంటే జపాన్ ప్లమ్ పువ్వు, సకురా కాదు. విడి రేకులు రాలితే దాని కాలం అయిందని అర్థం. పువ్వు పువ్వంతా గిరగిర తిరుగుతూ పడితే పైకి చూడండి, పిచ్చుక ఉంటుంది. దాని ముక్కు పొట్టిది, పువ్వు లోపలికి అందదు. అందుకని పువ్వును అడుగున కొరికి తేనె తాగి వదిలేస్తుంది.

కొమ్మను మాత్రం వంచొద్దు. సకురాకు గాయమైతే అక్కడి నుంచి బూజు చేరి మాను కుళ్లుతుంది. ‘సకురాను నరికేవాడూ మూర్ఖుడే, ఉమెను నరకనివాడూ మూర్ఖుడే’ అని అక్కడి సామెత. పైగా ఇవి మొక్కుబడి చెట్లు. ఎన్ నో గ్యోజా అనే తపస్వి ఆ కొండ దేవుడు జావో గొంగెన్ రూపాన్ని సకురా మానులోనే చెక్కాడని నమ్మిక. ఆ నమ్మకంతో యాత్రికులు తరతరాలుగా మొక్కలు సమర్పించబట్టే కొండ ఇలా నిండింది.

ఆకలేస్తే కుజుమొచి తినండి. కుజు అనే తీగ వేరు పిండితో చేస్తారు, మన పాలగుండ జావ గడ్డకట్టినట్టు ఉంటుంది. కకినోహ సుషీ అంటే పర్సిమన్ ఆకులో చుట్టిన అన్నం ముద్ద, అందులో చేప ఉంటుంది, చుట్టిన ఆకు తినరు. సకురామొచి అనే మిఠాయి మీది ఉప్పు సకురా ఆకు మాత్రం తినొచ్చు. చెత్తబుట్టలు అరుదు, ఒక సంచి వెంట ఉంచుకోండి. తిరుగు రైలు సీటు పొద్దున్నే కొనేయండి. సాయంత్రం కొండంతా ఒకేసారి స్టేషన్‌కు దిగుతుంది.

మీ తాతయ్య