పాత బండి స్ప్రింగు నిజంగా మెత్తబడిందా?

పాత ఆఫ్‌రోడ్ బండి వెనకభాగం కిందికి దిగిపోయి, గతుకు దాటాక కూడా ఊగుతూ పోతుంటే అందరూ అనే మాట ఒకటే: "స్ప్రింగులు మెత్తబడ్డాయి." ఇందులో నిజం సగమే. బండి కుంగిందంటే స్ప్రింగుని చూడాలి, ఊగడం ఆగట్లేదంటే షాక్ అబ్జార్బర్‌ని చూడాలి. రెండూ పక్కపక్కనే ఉంటాయి, దాదాపు కలిసే ముసలివవుతాయి. కానీ ఒకటి పాడయ్యే తీరుకీ రెండోది పాడయ్యే తీరుకీ పోలికే లేదు.

ముందు స్ప్రింగు సంగతి. ఎంత నొక్కితే అంత బలంతో అది ఎదురు తిరుగుతుందని 1678లో రాబర్ట్ హుక్ ప్రచురించాడు. ఒక్కో మిల్లీమీటరు నొక్కడానికి ఎంత బలం కావాలో అదే దాని బిరుసు. కాయిల్ స్ప్రింగులో ఆ బిరుసుని తేల్చేవి ఉక్కు గుణం, తీగ మందం, చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య. తుప్పు బాగా తినేస్తే తప్ప, ఎన్నేళ్లు తిరిగినా వీటిలో ఏదీ పెద్దగా మారదు. మరి బండి ఎందుకు కుంగుతుంది? ఏళ్ల తరబడి బరువు మోసిన తీగ కొద్దికొద్దిగా మెలిపడి, ఆ మెలికలో కొంత శాశ్వతంగా ఉండిపోతుంది. దాంతో స్ప్రింగు పొడవు తగ్గుతుంది. అంటే బిరుసు దాదాపు అలాగే ఉంది, స్ప్రింగు పొట్టిదైంది. యాక్సిల్ (చక్రాల ఇరుసు) పైకి కదలడానికి ఉన్న జాగా ఆ మేరకు తగ్గి, చిన్న గుంతకే బంప్ స్టాప్‌కి, అంటే అది మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మకి, ధన్‌మని తగులుతుంది. సీట్లో ఉన్నవాళ్లు దాన్నే మెత్తబడటం అనుకుంటారు.

కమాన్ కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఉక్కు పట్టీలు, లీఫ్ స్ప్రింగులు) ఉన్న బండ్లలో కథ ఇంకాస్త చిత్రంగా ఉంటుంది. వాటిలో పట్టీల వంపు చదునై బండి కుంగుతుంది. మరోపక్క పట్టీల మధ్య తుప్పు చేరి అవి ఒకదాని మీద ఒకటి జారడం మానేస్తాయి. కుంగిన బండే రాయిలా బిగుసుకుపోయి, చిన్న గతుకుల్ని కూడా నేరుగా నడుముకి చేరవేస్తుంది. ఒకప్పుడు ఆఫ్‌రోడ్ బండి అంటే కమాన్ కట్టలే. 1970లో వచ్చిన రేంజ్ రోవర్ నాలుగు చక్రాలకీ కాయిల్ స్ప్రింగులు పెట్టి, చక్రాలు ఎక్కువ దూరం కిందికీ పైకీ ఆడేలా చేసింది.

ఇక షాక్ అబ్జార్బర్. దాని లోపల నూనె, అందులో సన్నని దారులున్న పిస్టన్ ఉంటాయి. నీళ్లు నింపిన సిరంజిని నెమ్మదిగా నొక్కితే సులువుగా దిగుతుంది, ఒక్కసారిగా నొక్కితే మొండికేస్తుంది కదా, ఇదీ అంతే. వేగం పెరిగేకొద్దీ ఎదురు బలం పెరుగుతుంది. బరువు మోయడం దాని పని కాదు. స్ప్రింగు ఊపులోని శక్తిని నూనెలో వేడిగా మార్చి గాలిలోకి వదలడమే దాని పని. మామూలుగా నొక్కుకునేటప్పటికన్నా సాగేటప్పుడు ఎక్కువగా ఎదిరించేలా దాన్ని తయారుచేస్తారు.

ఈ వేడే దాని శత్రువు. అలలు తేలిన మట్టిరోడ్డు మీద ఒక అలకీ ఇంకో అలకీ మధ్య 60 సెంటీమీటర్ల దూరం ఉందనుకోండి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతే చక్రం సెకనుకి దాదాపు 17 సార్లు ఎగిరి దిగుతుంది. గంటసేపు అలా నడిస్తే షాక్‌ని చేత్తో ముట్టుకోలేం. వేడెక్కిన నూనె పల్చబడుతుంది, గాలితో కలిస్తే నురగ కడుతుంది. నురగని పిస్టన్ ఇట్టే దాటిపోతుంది కాబట్టి పట్టు పోతుంది. నైట్రోజన్ నింపిన షాక్‌లు ఈ నురగని తగ్గించడానికే వచ్చాయి. చల్లారాక పట్టు కొంత తిరిగొస్తుంది గానీ, అరిగిన సీళ్లూ వాల్వులూ మాత్రం బాగుపడవు.

బండి మూల మీద చేతులాన్చి కిందికి నొక్కి చూసే పరీక్ష బరువైన ఆఫ్‌రోడ్ బండికి అంతగా పనికిరాదని నా అభిప్రాయం. మనం నొక్కగలిగేదే కొంచెం, ఆ వేగం కూడా తక్కువే. దానికన్నా షాక్ ఒంటి మీద కారిన నూనె చారలు, టైరు మీద అక్కడక్కడా గుంటలు పడ్డ అరుగుదల నమ్మదగ్గ సాక్ష్యాలు.

అసలు చిక్కు కొనేటప్పుడు వస్తుంది. స్ప్రింగుల్ని కంటితో పోల్చి ఎంచుకోకూడదు. తీగ మందం 10 శాతం పెరిగితే, మిగతావన్నీ అలాగే ఉన్నా, బిరుసు 46 శాతం పెరుగుతుంది, ఎందుకంటే మందం లెక్కలోకి నాలుగో ఘాతంగా వస్తుంది. బండి ఎప్పుడూ మోసే బరువెంతో తూకం వేయించి, దానికి తగ్గ స్ప్రింగు తీసుకోవడం మంచిది. ఖాళీ బండికి ఎక్కువ బరువు కోసం చేసిన స్ప్రింగులు వేస్తే చక్రం కిందికి సాగక గుంతలో గాల్లోనే వేలాడుతుంది. బిరుసు 44 శాతం పెరిగితే అదే అదుపు కోసం షాక్ పట్టు 20 శాతం పెరగాలి. కొత్త స్ప్రింగులకి పాత షాక్‌లు జతచేస్తే ఊపు ఇంకా ఎక్కువవడానికి కారణం ఇదే. ఇక ఎత్తు పెంచే స్ప్రింగులు వేస్తే పొడవాటి షాక్‌లు, బ్రేక్ గొట్టాల పొడవు, స్టీరింగు కోణం, అన్నీ చూసుకోవాల్సి వస్తుంది. ముందు యాక్సిల్ ఒకే కడ్డీగా ఉన్న బండ్లలో ఆ కోణం తప్పితే స్టీరింగు నిలకడగా ఉండదు.

బిగించేటప్పుడు భయపడాల్సింది నొక్కి ఉన్న స్ప్రింగు గురించే. మిల్లీమీటరుకి 40 న్యూటన్ల బిరుసున్న స్ప్రింగుని 20 సెంటీమీటర్లు నొక్కితే అందులో 800 జౌళ్ల శక్తి ఉంటుంది. 80 కిలోల మనిషి మీటరు ఎత్తు నుంచి పడితే వచ్చే శక్తి దాదాపు అంతే. బండిని జాకీ మీద వదిలేయకుండా ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టాలి. చాలా బండ్లలో యాక్సిల్ కిందికి వేలాడకుండా ఆపేది షాకే. దాన్ని విప్పగానే యాక్సిల్ జారి బ్రేక్ గొట్టాన్ని లాగేస్తుంది, అందుకే యాక్సిల్ కింద ఇంకో జాకీ ఉంచాలి. ఎడమా కుడీ జతగానే మార్చాలి. రబ్బరు బుష్‌ల (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు గొట్టాల) బోల్టుల్ని చక్రాలు వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే బండి నేలమీదికి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక అవే బోల్టుల్ని ఇంకోసారి చూసి, హెడ్‌లైట్ల ఎత్తు, చక్రాల అలైన్‌మెంట్ కూడా సరిచేయించుకోవాలి.