మాటిమాటికీ మూత్రంలో మంట, పక్కనే థైరాయిడ్

హైపోథైరాయిడ్ (థైరాయిడ్ గ్రంథి మందగించడం) ఉన్నంత మాత్రాన మూత్రంలో ఇన్ఫెక్షన్ రాదు. మంట తెచ్చేది చాలామటుకు మన పేగుల్లోనే ఉండే ఈ.కొలై బ్యాక్టీరియా. ఆడవాళ్ళకు మూత్రనాళం సుమారు 4 సెంటీమీటర్లే కాబట్టి అది మూత్రాశయానికి చేరడం తేలిక. అయితే థైరాయిడ్ మందగిస్తే పేగుల కదలిక తగ్గి మలబద్ధకం పట్టుకుంటుంది. నిండిన పెద్దపేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది. కొందరిలో మూత్రాశయపు కండరం కూడా సత్తువ తగ్గి, మూత్రం పూర్తిగా బయటికి పోదు. లోపల మిగిలిన ఆ కాస్తలోనే బ్యాక్టీరియా పెరుగుతుంది. పైగా ఈ రెండు జబ్బులకూ ఇద్దరు డాక్టర్లు, రెండు చీటీలు. ఒక చీటీలోని మందు ఇంకో చీటీలోని మందుకు అడ్డం పడే సంగతి చెప్పేవాళ్ళు తక్కువ.

ఆరు నెలల్లో 2 సార్లు, లేదా ఏడాదిలో 3 సార్లు వస్తే దాన్ని మళ్ళీ మళ్ళీ వచ్చే ఇన్ఫెక్షన్‌గా లెక్కిస్తారు. ఆ లెక్క కల్చర్ పరీక్షలో (మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) తేలినవాటికే. ‘వేడి చేసింది’ అనుకుని బార్లీ నీళ్ళతో సరిపెట్టుకున్నవి, షాపులో అడిగి మూడు రోజుల మాత్రలు మింగినవి అందులోకి రావు. అసలు చిక్కంతా ఇక్కడే. యాంటీబయాటిక్ ఒక్క మాత్ర పడ్డాక ఇచ్చిన మూత్రంలో బ్యాక్టీరియా సరిగా పెరగదు, ఏ మందుకు లొంగుతుందో తెలియదు. అందుకని మంట మొదలైన రోజే, మాత్ర వేసుకోకముందే శాంపిల్ ఇవ్వాలి.

ఇచ్చే పద్ధతి కూడా ముఖ్యమే. ల్యాబ్‌లో ఇచ్చే స్టెరైల్ డబ్బానే వాడాలి, ఇంట్లో కడిగిన సీసా పనికిరాదు. మామూలు నీళ్ళతో శుభ్రం చేసుకుని, యోని పెదవులను వేళ్ళతో ఎడంగా పట్టుకుని, మొదటి ధార వదిలేసి, మధ్యలోది 20-30 మిల్లీలీటర్లు పట్టాలి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. గంటలోపు ల్యాబ్‌కు చేరాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో ఉంచాలి. ఉదయగిరిలోనో సీతారామపురంలోనో పొద్దున పట్టి, మే నెల ఎండలో బస్సులో నెల్లూరు తెచ్చేసరికి డబ్బాలో ఉన్న నాలుగు బ్యాక్టీరియా లక్షలవుతాయి. రిపోర్టులో లేని జబ్బు కనిపిస్తుంది. దూరం నుంచి వచ్చేవాళ్ళు ల్యాబ్‌కు చేరాకే పట్టి ఇవ్వడం మేలు. లేదా ఐస్‌ప్యాక్ పెట్టిన డబ్బాలో తేవాలి.

రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఒకే రకం బ్యాక్టీరియా, మిల్లీలీటరుకు లక్ష పైన ఉంటే ఇన్ఫెక్షన్ అని మామూలు లెక్క. మంట స్పష్టంగా ఉన్నవాళ్ళలో అంతకంటే తక్కువ ఉన్నా డాక్టరు లెక్కలోకి తీసుకోవచ్చు. ‘మిక్స్‌డ్ గ్రోత్’ అని వస్తే శాంపిల్ కలుషితమైందని అర్థం, మళ్ళీ ఇవ్వాలి. ఏ బాధా లేకుండా కల్చర్‌లో మాత్రమే బ్యాక్టీరియా కనిపిస్తే మందు వాడరు. గర్భిణులకూ, మూత్రమార్గంలో ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్ళకూ మాత్రం వాడతారు. భయపడి ప్రతి రిపోర్టుకూ మాత్రలు మింగితే, లొంగని బ్యాక్టీరియాను మనమే పెంచుకున్నట్టు.

మందుల్లో నైట్రోఫ్యురాంటోయిన్ 100 మిల్లీగ్రాములది రోజుకు 2 సార్లు 5 రోజులు, అన్నం తిన్నాక వేసుకోమంటారు. మూత్రం ముదురు రంగులో వస్తుంది, కంగారు వద్దు. ఫాస్ఫోమైసిన్ అయితే 3 గ్రాముల పొడి, నీళ్ళలో కలిపి ఒక్కసారే. నైట్రోఫ్యురాంటోయిన్‌కు ముందు కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ చూడాలి, కిడ్నీ బలహీనంగా ఉంటే అది పనిచేయదు. కిడ్నీ రోగులు ఎక్కువగా కనిపించే కనిగిరి, పి.సి.పల్లి వైపు ఈ పరీక్ష తప్పనిసరి అనుకోవాలి. అదుపులో లేని థైరాయిడ్ కూడా క్రియాటినిన్‌ను కాస్త పెంచుతుంది, అది కుదురుకున్నాక తగ్గుతుంది. మంట తగ్గడానికి అమ్మే సిట్రేట్ సిరప్ మూత్రంలో పులుపును (ఆమ్లాన్ని) తగ్గిస్తుందే గానీ బ్యాక్టీరియాను చంపదు. ఇన్ఫెక్షన్ మళ్ళీ రాకుండా కొందరికి రాసే మెథెనమైన్ అనే మందు పనిచేయాలంటే మూత్రం పుల్లగా ఉండాలి. దానితోపాటు ఈ సిరప్ తాగితే ఆ మందు డబ్బులు దండగే.

ఇక థైరాయిడ్ మాత్ర సంగతి. లెవోథైరాక్సిన్‌ను పరగడుపున, మంచినీళ్ళతో వేసుకుని 30 నుంచి 60 నిమిషాలు ఆగాలి. మన ఇళ్ళలో లేవగానే కాఫీ, మాత్ర ఆ కాఫీతోనే గొంతు దిగుతుంది. ఇలా ఏళ్ళ తరబడి సాగితే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తగ్గినప్పుడు రక్తంలో పెరిగే హార్మోన్) దిగదు, డోసు మాత్రం పెరుగుతూ పోతుంది. ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్ మాత్రలు, క్యాల్షియం, గ్యాస్‌కు తాగే తెల్లటి యాంటాసిడ్ దీనికి 4 గంటల తర్వాతే. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కూడా థైరాయిడ్ మాత్రను ఒంటికి పట్టనీయదు. డాక్టరు అదే రాస్తే రెంటికీ మధ్య ఎన్ని గంటల ఎడం ఇవ్వాలో అడగాలి. మలబద్ధకానికి ఇసబ్‌గోల్ వాడేవాళ్ళు దాన్ని రాత్రి పడుకునే ముందు తాగితే గొడవుండదు. వంటింట్లో పొయ్యి పక్కన అరలో మాత్రల సీసా పెట్టే అలవాటు మానాలి, వేడికీ చెమ్మకూ ఈ మందు బలం తగ్గుతుంది. డోసు మార్చాక 6 నుంచి 8 వారాలకు గానీ టీఎస్‌హెచ్ చూసి లాభం లేదు. జ్వరంతో పడి ఉన్నప్పుడు చేయించిన టీఎస్‌హెచ్‌ను నమ్మి డోసు మార్చుకోకూడదు.

నీళ్ళు ఎక్కువ తాగమనే సలహాకు గట్టి ఆధారమే ఉంది. 2018లో అచ్చయిన ఒక పరిశోధనలో, తక్కువ నీళ్ళు తాగే అలవాటున్న 140 మంది ఆడవాళ్ళలో సగం మంది రోజుకు అదనంగా లీటరున్నర నీళ్ళు తాగారు. ఏడాదిలో వాళ్ళకు ఇన్ఫెక్షన్లు సగటున 1.7 సార్లు, మిగతావాళ్ళకు 3.2 సార్లు వచ్చాయి. కానీ థైరాయిడ్ బాగా తక్కువగా ఉన్నవాళ్ళలో కిడ్నీలు అదనపు నీటిని త్వరగా బయటికి పంపలేవు. వాళ్ళు ఒక్కసారిగా లీటర్ల కొద్దీ తాగితే ఒంట్లో సోడియం పడిపోవచ్చు. రోజంతా కొద్దికొద్దిగా, మూత్రం లేత పసుపుగా ఉండేలా తాగితే చాలు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

అయితే నాట్లకూ, మిరపకోతలకూ, పొగాకు గ్రేడింగుకూ పోయే ఆడవాళ్ళు నీళ్ళు తాగకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు. అక్కడ ఒంటికి వెళ్ళడానికి మరుగు ఉండదు. ఆ ఏర్పాటు చేయకుండా ‘నీళ్ళు తాగండి’ అని చెప్పడం ఉత్త మాట. మూత్రానికి 3-4 గంటలకోసారి వెళ్ళాలి. అయిపోయిందనిపించాక అర నిమిషం ఆగి, కాస్త ముందుకు వంగి మళ్ళీ ప్రయత్నించాలి. మిగిలింది అప్పుడు వస్తుంది.

ముట్లు ఆగిన వయసులో ఇంకో కారణం కలుస్తుంది. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గి యోనిలో మేలు చేసే లాక్టోబాసిల్లై బ్యాక్టీరియా పోతాయి. 1993లో వచ్చిన ఒక పరిశోధనలో యోనిలో పూసే ఈస్ట్రియాల్ (ఒక రకం ఈస్ట్రోజన్) క్రీము వాడినవాళ్ళకు ఏడాదికి సగటున 0.5 సార్లు, వాడనివాళ్ళకు 5.9 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. నోటితో మింగే ఈస్ట్రోజన్ మాత్రలు థైరాయిడ్ మందు అవసరాన్ని పెంచుతాయి. పైపూతతో ఆ బెడద దాదాపు ఉండదు. సిగ్గుపడి అడగకపోవడంవల్లే చాలామందికి ఈ మందు అందడం లేదు.

ఇన్ఫెక్షన్ తగ్గాక కూడా వారాల తరబడి నీరసం పోకపోతే మళ్ళీ యాంటీబయాటిక్ కాదు, టీఎస్‌హెచ్ చూడాలి. చలితో వణికించే జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. వాంతులవల్ల ఒక పూట థైరాయిడ్ మాత్ర పోయినా ఫర్వాలేదు, ఒంట్లో దాని బలం సగానికి తగ్గడానికి వారం పడుతుంది. కానీ ‘ఇన్ని మాత్రలెందుకు’ అని దాన్ని ఆపేయకూడదు. ఏళ్ళుగా థైరాయిడ్ మందు సరిగా వాడని పెద్దవాళ్ళు ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు మత్తుగా పడి ఉండడం, ఒళ్ళు చల్లబడడం, పొంతన లేకుండా మాట్లాడడం ప్రాణాపాయ లక్షణాలు. 108కి ఫోన్ చేసి, ఆసుపత్రిలో థైరాయిడ్ ఉందన్న మాట ముందే చెప్పాలి.