అరబ్బు పెద్దలకు ఆరోగ్య యాప్: స్క్రీన్ తిప్పితే తీరని చిక్కు

అరబ్బీని కుడి నుంచి ఎడమకు రాస్తారని అందరికీ తెలుసు. అయినా స్క్రీన్‌ మొత్తాన్ని ఆ వరసలో అమర్చే సదుపాయం ఆండ్రాయిడ్‌లో 2012లో గానీ రాలేదు. ఐఫోన్‌కైతే 2015 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత బటన్లు అటువి ఇటు మారాయి. పని అయిపోయిందనుకున్నారు.

అసలు చిక్కు అంకెల దగ్గరుంది. ఈజిప్టులో, గల్ఫ్‌లో పెద్దవాళ్లు బళ్లో నేర్చుకున్న అంకెల్లో సున్నా అంటే చుక్క. ఐదు అచ్చం మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. ఒకటి మాత్రం ఇక్కడా అక్కడా నిలువు గీతే. అలా అలవాటైన కంటికి 10 యూనిట్ల ఇన్సులిన్ 15గా కనబడినా ఆశ్చర్యం లేదు. అలాగని పాత అంకెలే అందరికీ పెడదామంటే, మొరాకో, అల్జీరియాల్లో వాడేది 1, 2, 3లే. అరబ్బులందరికీ కలిపి ఒకే సెట్టింగ్ పెట్టడం బద్ధకమే.

తేదీలదీ అదే గొడవ. సౌదీలో ప్రభుత్వ జీతాలు 2016 దాకా హిజ్రీ, అంటే చంద్రుణ్ని బట్టి నడిచే ఇస్లామిక్ క్యాలెండర్ నెలల లెక్కనే ఇచ్చేవారు. పుట్టినరోజు ఎక్కడా రాసిపెట్టని పాతతరం వాళ్లలో చాలామందికి గుర్తింపు కార్డు మీద హిజ్రీ నెల రజబ్ 1 అనే ఉంటుంది. అలాంటివాళ్లను ఇంగ్లిష్ తేదీ అడిగితే మొదటి పేజీలోనే ఆగిపోతారు.

ఇక రంజాన్. 13 దేశాల్లో 12 వేల మందికి పైగా షుగర్ రోగులను కలుపుకుని 2001లో జరిగిన ఎపిడియార్ అధ్యయనంలో, టైప్ 2 వాళ్లలో దాదాపు 79 శాతం మంది కనీసం 15 రోజులు ఉపవాసమున్నట్టు తేలింది. డాక్టరు వద్దన్నా ఉండేవాళ్లుంటారు. మధ్యాహ్నం మందు వేసుకోమని మోగే అలారం ఆ నెలంతా దండగే. మోతాదులు ఇఫ్తార్‌కూ సహరీకీ మారాలి, అదీ డాక్టరు చెప్పినట్టు. ఆ వేళలు రోజూ కాస్త కాస్త జరుగుతాయి, నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తుంది. దీనిపై అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2016లో మార్గదర్శకాలు తెచ్చి, 2021లో సవరించింది.

కరోనా వచ్చాక యాప్ తప్పనిసరైంది. ఖతర్‌లో ఎహ్తెరాజ్, సౌదీలో తవక్కల్నా చూపించకపోతే మాల్‌లోకి అడుగుపెట్టనివ్వని రోజులవి. ఫోను తాతది, నడిపేది మనవడు. ఒక ఫోనుకు ఒకే రోగి అనే లెక్క ఆ ఇళ్లలో కుదరదు. కొడుకు ఫోన్లోంచే తల్లి రిపోర్టు చూసే వీలుండాలి, ఆవిడ ఒప్పుకున్న మేరకే. కువైట్ ఇళ్లలోనైతే ముసలివాళ్లకు మాత్ర అందించే పనిమనిషి కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో వెళ్లిన మనిషి కావచ్చు. అరబ్బీ మాట వచ్చినా చదవడం రాని ఆమెకు అక్షరాల కన్నా మాత్ర బొమ్మ, మాట వినిపించే బటన్ ఎక్కువ పనికొస్తాయి.