లేజర్ డయోడ్‌కి కరెంట్ ఇచ్చే పద్ధతి

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకు,

పెదనాన్న ఆశీస్సులు. సైన్స్ ఫెయిర్‌లో లేజర్ పెడతాం, తక్కువ ఖర్చులో దానికి డ్రైవర్ సర్క్యూట్ (లేజర్‌కి సరిపడా కరెంట్ ఇచ్చేది) చెప్పమని అడిగారు. ఫోన్‌లో చెబితే సగం మీకు వినపడదు, మిగతా సగం మీరు వినరు. అందుకే ఉత్తరం.

ముందు మీ దగ్గరున్న సరుకు సంగతి చూద్దాం. కోఠీ గుజరాతీ గల్లీలో చవగ్గా దొరికే చిన్న ఇత్తడి గొట్టం లేజర్‌ని విప్పితే లోపల ఓ బుల్లి బోర్డు, దాని మీద ఒకే ఒక రెసిస్టర్ కనిపిస్తుంది. చాలావాటిలో అది 91 ఓమ్‌లు. 650 నానోమీటర్ల ఎర్ర డయోడ్ మీద దాదాపు 2.2 వోల్టులు పడతాయి. 5 వోల్టులు ఇస్తే మిగతా 2.8 రెసిస్టర్ మీద పడి, సుమారు 31 మిల్లీ ఆంపియర్ల కరెంట్ పారుతుంది. లెక్క బాగానే ఉంది. కానీ ఏ చార్జరూ కచ్చితంగా 5 వోల్టులే ఇవ్వదు. 4.75కి తగ్గితే కరెంట్ 28 అవుతుంది, 5.25కి పెరిగితే 33.5. అయిదు మిల్లీ ఆంపియర్లే కదా అనుకుంటున్నారేమో.

పొయ్యి మీద పాలు చాలాసేపు కాగుతాయి, గిన్నెలో ఏమీ జరుగుతున్నట్టుండదు, ఉన్నట్టుండి పొంగుతాయి. లేజర్ డయోడ్ తీరూ అదే. ఒక కరెంట్ వచ్చేదాకా అది మామూలు ఎల్ఈడీలా మసకగా వెలుగుతుంది. అది దాటాకే లేజర్. ఆ హద్దుని త్రెషోల్డ్ అంటారు. మీ డయోడ్‌కి అది 20 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. 28 దగ్గర హద్దు పైన ఉన్నది 8. 33.5 దగ్గర 13.5. లేజర్ వెలుగు ఆ పైనున్న భాగంతోనే పెరుగుతుంది. అంటే చార్జర్ కాస్త అటూ ఇటూ అయినందుకే వెలుగు దాదాపు 1.7 రెట్లయింది!

ఇంకా ముందుకి తోస్తే డయోడ్ పోతుంది. చిప్ అంచున కాంతి బయటికొచ్చే చోటు కొన్ని మైక్రాన్ల వెడల్పే ఉంటుంది. కాంతి మరీ ఎక్కువైతే ఆ అంచే దెబ్బతింటుంది. అందుకు సెకనులో లక్షో వంతు కూడా ఎక్కువే, ఫ్యూజు ఏ మాత్రం పనికిరాదు. పోయిన డయోడ్ ఆరిపోదు కూడా. ఎల్ఈడీలా మసగ్గా వెలుగుతూనే ఉంటుంది, దాంతో మనం లెన్స్ సరిగ్గా కుదర్లేదేమో అని గంటల తరబడి తిప్పుతూ కూచుంటాం.

కాబట్టి అసలు కష్టం కరెంట్‌ని నిలకడగా ఉంచడంలో లేదు. అది ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. స్విచ్ వేసిన క్షణం, తీసిన క్షణం, పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) తిప్పుతుంటే లోపల కాంటాక్ట్ వదిలేసిన క్షణం, వీటిలో కరెంట్ గీత దాటకుండా చూడటమే డిజైన్ అంటే.

ఎల్ఎం317 అనే రెగ్యులేటర్ ఐసీతో కూడా చెయ్యొచ్చు. దాని ఔట్‌పుట్, అడ్జస్ట్ కాళ్ల మధ్య ఎప్పుడూ 1.25 వోల్టులు ఉంటాయి కాబట్టి 47 ఓమ్‌లు పెడితే 26.6 మిల్లీ ఆంపియర్లు. రెండే వస్తువులు, పని అయిపోతుంది. కరెంట్ మార్చుకోవాలనుకుంటేనే చిక్కు. ఆ రెసిస్టర్ స్థానంలో పాట్ పెట్టి పొరపాటున చివరిదాకా తిప్పితే కరెంట్‌కి పగ్గం ఉండదు. అందుకే మీకు ఆప్ ఆంప్ (తన ప్లస్, మైనస్ కాళ్ల మీద వోల్టేజ్ సమానమయ్యేలా ఔట్‌పుట్‌ని మార్చే ఐసీ) దారి చెబుతున్నాను.

కావలసినవి: ఎల్ఎం358 (ఆప్ ఆంప్), టీఎల్431 (నిలకడైన వోల్టేజ్ ఇచ్చేది), బీసీ547 (ట్రాన్సిస్టర్), కొన్ని రెసిస్టర్లు, 9 వోల్టుల అడాప్టర్. అడాప్టర్ ప్లస్ నుంచి 150 ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత ఒట్టి లేజర్ డయోడ్ (బుల్లి బోర్డు మీది రెసిస్టర్ లేకుండా), తర్వాత బీసీ547 కలెక్టర్. ఎమిటర్ నుంచి గ్రౌండ్‌కి 10 ఓమ్‌లు. ఆప్ ఆంప్ ఔట్‌పుట్ 1కె (వెయ్యి ఓమ్‌లు) ద్వారా బేస్‌కి, మైనస్ కాలు ఎమిటర్‌కి. ఇక ప్లస్ కాలు మీద 0.3 వోల్టులు పెడితే ఎమిటర్ దగ్గర కూడా 0.3 వచ్చేదాకా ఆప్ ఆంప్ ఊరుకోదు. 0.3ని 10తో భాగిస్తే 30 మిల్లీ ఆంపియర్లు. అడాప్టర్ వోల్టేజ్ కాస్త ఊగినా ఈ అంకె కదలదు. బేస్ కరెంట్ కూడా ఆ 10 ఓమ్‌లలోంచే పోతుంది, కానీ అది ఒక శాతం లోపే, వదిలెయ్యండి.

ఆ 0.3 వోల్టులు టీఎల్431 నుంచి వస్తాయి. దాని రిఫరెన్స్ కాలుని క్యాథోడ్‌కి కలిపి, 2.2కె ద్వారా 9 వోల్టులు ఇస్తే క్యాథోడ్ మీద నిలకడగా 2.5 ఉంటుంది. అక్కణ్నుంచి 68కె, దాని కింద 10కె పాట్, పాట్ రెండో చివర గ్రౌండ్‌కి. పాట్ మధ్య కాలు ఆప్ ఆంప్ ప్లస్‌కి వెళ్తుంది.

ఇక్కడ కాస్త ఆగండి. పాత పాట్‌లో మధ్య కాలు ఒక్కోసారి గాల్లో వేలాడుతుంది. ఎల్ఎం358 ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్లు పీఎన్పీ రకం, వాటి బయాస్ కరెంట్ (ఇన్‌పుట్ కాలులో పారే అతి చిన్న కరెంట్) లోపల్నుంచి బయటికి వస్తుంది. ఆ కాలుని గాల్లో వదిలితే వోల్టేజ్ తనంతట తనే పైకి పాకుతుంది, లేజర్ కరెంటూ పాకుతుంది. అందుకని మధ్య కాలు నుంచి గ్రౌండ్‌కి 100కె పెట్టండి. కాంటాక్ట్ వదిలితే లేజర్ ఆరిపోతుంది. మనకి కావలసింది అదే. ఈ 100కె పెట్టాక పాట్ పూర్తిగా తిప్పినా 30 చుట్టుపక్కలే ఆగుతుంది. పాట్‌ల విలువలో తేడాలుంటాయి, కాబట్టి కొలిచి చూడాలి. పాట్ గ్రౌండ్ కాలు మాత్రం గట్టిగా సోల్డర్ చెయ్యండి. అది ఊడితే పై మాటలేవీ వర్తించవు.

అదే మధ్య కాలు దగ్గర గ్రౌండ్‌కి 10 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెడితే స్విచ్ వేయగానే కరెంట్ ఒక్కసారిగా ఎగరదు, మెల్లగా ఎక్కుతుంది. స్విచ్ తీసి వెంటనే మళ్లీ వేయకండి, కెపాసిటర్ ఖాళీ కావాలి. ఒరేయ్ చిన్నా, ఇది నీకే.

150 ఓమ్‌ల రెసిస్టర్ ఎందుకో ఇప్పుడు చూడండి. 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర అది 4.5 వోల్టులు తింటుంది, ట్రాన్సిస్టర్‌కి 2 వోల్టులే మిగులుతాయి, అది వేడెక్కదు. అసలు లాభం వేరే. ట్రాన్సిస్టర్ షార్ట్ అయినా, ఆప్ ఆంప్‌కి పిచ్చెక్కినా, 9లోంచి 2.2 తీసేసి 160 ఓమ్‌లతో భాగించండి. 42.5 మిల్లీ ఆంపియర్లకి మించి పోవు. డయోడ్‌కి బతికే అవకాశం ఉంది. ఆ రెసిస్టర్ లేకపోతే వందల్లో పోతాయి. నన్నడిగితే మొత్తం సర్క్యూట్‌లో పెట్టిన పైసకి ఎక్కువ పని చేసేది ఇదే.

లేజర్ డయోడ్‌కి సమాంతరంగా, ఎదురు దిక్కుకి తిప్పి ఒక 1ఎన్4148 డయోడ్ కట్టండి, రివర్స్ వోల్టేజ్‌ని లేజర్ డయోడ్ భరించలేదు. ఎల్ఎం358లో వాడని రెండో సగాన్ని వదిలెయ్యకుండా దాని ఔట్‌పుట్‌ని మైనస్‌కి, ప్లస్‌ని గ్రౌండ్‌కి కలపండి. కరెంట్ ఆన్‌లో ఉండగా లేజర్‌ని ఊడదీసి మళ్లీ పెట్టకండి. ఊడిన క్షణంలో ఆప్ ఆంప్ కరెంట్ రావట్లేదని ఫుల్‌గా తెరుచుకుని కూచుంటుంది.

మొదటిసారి లేజర్ పెట్టకండి. దాని చోట మూడు 1ఎన్4007 డయోడ్‌లు వరసగా పెడితే అవీ 2.2 వోల్టుల దగ్గరే పడతాయి. 10 ఓమ్‌ల మీద మీటర్ పెట్టి పాట్ తిప్పండి. 300 మిల్లీవోల్టులంటే 30 మిల్లీ ఆంపియర్లు. స్విచ్ పదిసార్లు వేసి తీసి, అంకె ఎక్కడా గెంతకపోతేనే లేజర్ పెట్టాలి.

మరీ గొప్ప సర్క్యూట్ కాదిది, వేడి పెరిగితే త్రెషోల్డ్ పెరిగి వెలుగు తగ్గుతుంది. 1962లో రాబర్ట్ హాల్ అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో మొదటి సెమీకండక్టర్ లేజర్ వెలిగించినప్పుడు దాన్ని ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి, కరెంట్‌ని క్షణక్షణం ముక్కలుగా ఇవ్వాల్సొచ్చింది. గది వేడిలో ఆగకుండా వెలిగేది రావడానికి 1970 దాకా పట్టింది. లెనిన్‌గ్రాడ్‌లో ఆల్ఫెరోవ్ బృందం, అమెరికా బెల్ ల్యాబ్స్‌లో హయాషి, పానిష్ ఆ పని చేశారు. మనం అడాప్టర్ గుచ్చి వెలిగిస్తున్నాం.

కళ్ల విషయంలో మాత్రం బేరాల్లేవు. గొట్టంలోకి చూడొద్దు, అద్దం మీద పడిన మచ్చనీ అద్దంలోంచి చూడొద్దు, కిటికీ బయటికి, రోడ్డు మీదికి, విమానం వైపు గురిపెట్టొద్దు. డీవీడీ రైటర్ విప్పి తీసిన డయోడ్ జోలికి పోవద్దు, అది 100 మిల్లీవాట్లు దాటొచ్చు. ఇన్‌ఫ్రారెడ్‌వి అసలే వద్దు, వెలుగు కనపడదు కాబట్టి రెప్ప కూడా పడదు.

సర్క్యూట్ పని చేశాక తోటలో పెట్టే సోలార్ దీపం చిన్న పలక ఒకటి తీసి, లేజర్ మచ్చ దాని మీద పడేట్టు పెట్టండి. పలకకి మీటర్‌ని కరెంట్ రేంజ్‌లో కలిపి, లేజర్ కరెంట్‌ని రెండేసి మిల్లీ ఆంపియర్లు పెంచుతూ గ్రాఫ్ గీయండి. గీత వంగిన చోటే మీ త్రెషోల్డ్. పొద్దున్నే ఒకసారి, మిట్టమధ్యాహ్నం డాబా మీద గదిలో ఒకసారి గీసి, రెండు గ్రాఫ్‌లూ ఫోటో తీసి పంపండి.

మీ పెదనాన్న